లూజు కలపని కొలత

ఆముదం గ్లాసు ఇంకా కటింగ్ బల్ల మీదే ఉంది. దాన్ని అక్కడ ఠక్కున పెట్టి, "నువ్వే తాగుతావా, ముక్కు మూసి నన్ను పట్టమంటావా?" అంటూ అత్తగారు కొంగు బిగించిన చోట పోయినవారం మనం ఆగాం. వారం మనకు గడిచింది గానీ వాళ్లకు గడిచింది ఒక్క నిమిషమే. గ్లాసులోని పాలు ఇంకా వెచ్చగానే ఉన్నాయి, పైన తేలిన ఆముదం మాత్రం అంచుకు అంటుకుంది.

కథలో ఇప్పుడే అడుగుపెట్టినవాళ్లకు నాలుగు ముక్కలు. ఈ ఇంటి ముందుగది కుట్టుకొట్టు, వెనక రెండు గదులు కాపురం. కొట్టు అత్తగారిది. వీధంతా ఆమెను మేస్త్రమ్మ అంటారు. కొడుకు కటింగ్ మాస్టరు. కోడలు ఒకప్పుడు ఇదే కొట్టులో చొక్కాలకు గుండీలు దూర్చే కాజాలు కుట్టడానికి చేరిన పిల్ల. మాస్టరు మనసుపడి చేసుకున్నాడు. పెళ్లయి అయిదేళ్లయినా మేస్త్రమ్మకు కోపం నషాళానికెక్కితే ఇప్పటికీ "కాజాలదానా" అనే పిలుస్తుంది. రెండేళ్ల కిందట తొలికాన్పులో బిడ్డ దక్కలేదు. ఇప్పుడు మళ్లీ నిండు చూలు. డాక్టరమ్మ ఇచ్చిన తేదీ దాటి ఆరు రోజులైంది.

"సోమవారం రా. అప్పటికీ నొప్పులు రాకపోతే మేమే తెప్పిస్తాం. ఈలోగా ఇంట్లో సొంత వైద్యాలు వద్దు. బిడ్డ కదలికలు మాత్రం లెక్కపెట్టు. లేచిన దగ్గర్నుంచి మధ్యాహ్నంలోపు పది రావాలి. రాలేదా, సోమవారం దాకా ఆగకుండా పరిగెత్తుకొచ్చెయ్" అంది డాక్టరమ్మ.

లెక్కకు కోడలు తన పనిముట్టునే వాడుకుంది. బిడ్డ తన్నినప్పుడల్లా గుండుసూదుల దిండులో ఒక సూది గుచ్చుతుంది. దిండు మిషను పక్కనే ఉంటుంది కాబట్టి మరిచిపోయే పని లేదు. ఇవాళ తొమ్మిదింటికల్లా మూడు గుచ్చింది.

ఇప్పుడు పదకొండున్నర.

"తాగనన్నాను కదా అత్తయ్యా. మీకు నచ్చేలా ఇంకెలా చెప్పమంటారు?" అంది కోడలు, స్టూలు మీదినుంచి లేవకుండానే.

"నచ్చేలా చెప్పక్కర్లేదు. నోరు తెరిస్తే చాలు."

"డాక్టరు వద్దంది. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఒంట్లో నీళ్లన్నీ పోతాయంది. లోపల బిడ్డ కూడా నలిగిపోతుందంది."

"డాక్టరు! డాక్టరు! ఆవిడ పుట్టక ముందే నేను పిల్లాణ్ణి కన్నాను. మా అమ్మ ఇదే ఇచ్చింది. తాగిన సాయంత్రానికి మీ ఆయన నా ఒళ్లో ఉన్నాడు. వాడికేం తక్కువైంది?"

తక్కువైందేమిటో చెప్పాలని కోడలి నాలుక దురద పెట్టింది. అమ్మ మాటకు ఎదురు చెప్పే నోరు తక్కువైంది, అనేద్దామనుకుని మింగేసింది. ఆ మనిషి బడి యూనిఫారాల మొదటి మూట ఇచ్చిరావడానికి వెళ్లాడు. ఉన్నా ఒరిగేదేమీ లేదు. ఇద్దరి మధ్య పోరు మొదలయ్యేసరికి ఆయనకు ఎక్కడలేని గుండీలూ గుర్తొస్తాయి, తలొంచుకుని ఏరుకుంటూ కూర్చుంటాడు.

ఈ వారం రోజుల్లో మేస్త్రమ్మ చేయించని పని లేదు. మేడమెట్లు ఎక్కించింది, దింపించింది, మళ్లీ ఎక్కించింది. అనాసపండు కోసి పెట్టింది, నాలుక పొక్కేదాకా తినిపించింది. ఖర్జూరాలు లెక్కపెట్టి చేతిలో పోసింది. గుమ్మంలో ఎవరు కనపడ్డా, "మీ ఇంట్లో ఆడవాళ్లకు నొప్పులు ఎలా తెప్పించారు?" అని అడిగింది. చొక్కా చేతులు పొట్టి చేయించుకుందామని వచ్చిన ముసలాయన ఆ ప్రశ్నకు సిగ్గుతో చచ్చి, చొక్కా కూడా వదిలేసి పోయాడు. మెట్లు ఎక్కడానికి కోడలు అభ్యంతరం చెప్పలేదు. నడిస్తే మంచిదే అని డాక్టరూ అంది. అనాసపండూ తింది. ఆముదం దగ్గర మాత్రం భీష్మించుకుంది.

"సరే, తాగొద్దు" అంది మేస్త్రమ్మ హఠాత్తుగా. కోడలికి అనుమానం వచ్చింది. అత్తగారు అంత తేలిగ్గా వదిలే రకం కాదు. "తాగొద్దులే తల్లీ. లే. మిషనెక్కు. రెండు గంటలు ఆపకుండా తొక్కు. కాళ్లాడితే నడుము కదుల్తుంది, నడుము కదిలితే బిడ్డ దిగుతుంది."

కోడలు కదల్లేదు. కదలలేకపోయింది. మిషను వంక చూసింది, అత్తగారి వంక చూసింది.

"ఏమన్నారు?"

"చెవుడా? మిషను తొక్కమన్నా."

"మీరా! మిషను తొక్కమని నాతో మీరా అంటున్నారు!"

మేస్త్రమ్మ మొహంలో రంగు మారింది. టేపు మెడలోంచి తీసి చుట్టడం మొదలుపెట్టింది. చుట్టినదాన్నే విప్పి మళ్లీ చుట్టింది.

"ఆ రోజు ఆస్పత్రి వరండాలో ఏమన్నారో గుర్తుందా అత్తయ్యా? నాకుంది. అక్షరం పొల్లు పోకుండా ఉంది. నా బిడ్డను బట్టలో చుట్టి తీసుకుపోతుంటే, చుట్టుపక్కల అందరూ వింటుండగా, 'వద్దు వద్దంటే వినకుండా మిషను తొక్కింది, చేజేతులా పోగొట్టుకుంది' అన్నారు. అన్నారా లేదా?"

"అన్నానేమో. కడుపుమంటలో వంద అంటాం."

"అన్నానేమో కాదు, అన్నారు! రెండేళ్లు, రెండేళ్లు ఆ మాట మోశాను. పెడల్ మీద కాలు పెట్టినప్పుడల్లా ఈ కాలితోనే చంపుకున్నానని ఏడ్చాను. రాత్రి పడుకుంటే కాళ్లు నరుక్కోవాలనిపించేది. ఇప్పుడొచ్చి తొక్కు, బిడ్డ దిగుతుంది అంటారా? అప్పుడు చంపిన మిషను ఇప్పుడు పురుడు పోస్తుందా?"

"గొంతు తగ్గించు. వీధి వింటోంది."

"విననివ్వండి! అప్పుడు వరండా వినలేదా?"

ఎదురుకొట్టు పాలవాడు నిజంగానే గుమ్మంలోకి తొంగిచూశాడు. మేస్త్రమ్మ విసురుగా వెళ్లి తలుపు ధడాలున వేసింది. వేసి, అటే తిరిగి నిలబడింది. వెనక్కి తిరిగేసరికి మళ్లీ పాత మేస్త్రమ్మ అయిపోయింది.

"నీకు నోరు బాగా లేచింది. ఎవరి అండ చూసుకునో!"

"నా కడుపులో ఉన్నదాని అండ చూసుకుని. మీకెందుకింత తొందర, చెప్పనా? మూడు వారాల్లో బళ్లు తెరుస్తారు. నాలుగు వందల చొక్కాలకు కాజాలు వెయ్యాలి. నేను ఈ వారంలో కనేస్తే అప్పటికి మళ్లీ మిషను మీదికి వస్తాను. సోమవారం దాకా ఆగితే మీ పని ఆగుతుంది. అంతేగా?"

"నోర్ముయ్!"

"మీకు మనవడక్కర్లేదు. కాజాలమ్మాయి కావాలి."

మేస్త్రమ్మ చెయ్యి లేచింది. నిండుచూలాలిని కొడుతుందేమో అనిపించింది. కొట్టలేదు. ఆ చెయ్యి బల్ల మీద గ్లాసుకు తగిలి, ఆముదం పాలు కాస్త తెల్లబట్ట మీద ఒలికాయి. చొక్కాల కోసం సుద్దతో గీసి పెట్టిన బట్ట అది. మామూలు రోజైతే ఆ మరకకు ఇల్లు పీకి పందిరేసేది. ఇవాళ దాని వంకైనా చూడలేదు.

అదే కోడలికి కొత్తగా తోచింది. బట్ట పాడైతే పట్టించుకోని అత్తగారిని ఆమె ఎప్పుడూ చూడలేదు. మరి ఈవిడ బెంగ చొక్కాల గురించి కాదా? కాకపోతే దేని గురించి?

కోపంలో ఉన్న మనిషికి ఆ ప్రశ్న అడిగే ఓపిక ఎక్కడిది? తనదే నిజమని నిరూపించుకోవాలన్న పంతం పట్టింది. గోడ అల్మరాలో ఉన్న ఎర్రట్ట పుస్తకం లాగింది.

అది ఇంటివాళ్ల కొలతల పుస్తకం. ఖాతాదార్లవి వేరే ఉంటాయి. మేస్త్రమ్మ కొట్టులో కొలతలు తీసేది శుక్రవారాలే. ఆ ఊపులో శుక్రవారం శుక్రవారం కోడలి పొట్టా కొలిచి ఇందులో రాస్తుంది. మనుషుల మీద ప్రేమ చూపించడం ఆమెకు చేతకాదు గానీ కొలిచి రాయమంటే మాత్రం ఎవర్నీ వదలదు.

"చూడండి, వారం వారం బాగానే పెరిగింది. మనం చెప్పిన తేదీని బట్టే డాక్టరు లెక్కేసింది. ఎక్కడ తేడా ఉందో చూపించండి, ఇప్పుడే గ్లాసు ఎత్తి తాగేస్తాను" అంటూ పేజీలు తిప్పింది.

విసురులో నాలుగు పేజీలు ఎక్కువ తిరిగాయి. రెండు కాగితాలు కలిసి ఉన్నాయి. అతుక్కుపోయాయనుకుంది. కాదు, కుట్టేశారు. మూడు వైపులా తెల్లదారంతో చేతికుట్టు. సన్నగా, దగ్గరగా, ఒక్క టాకా వంకర పోకుండా కుట్టింది ఎవరో ఆ ఇంట్లో చెప్పక్కర్లేదు.

"అది వదిలెయ్" అంది మేస్త్రమ్మ.

ఆ గొంతు విని కోడలు తలెత్తింది. అయిదేళ్లలో అత్తగారు ఆమెను తిట్టింది, వెక్కిరించింది, ఎగతాళి చేసింది. ఎన్నడూ బతిమాలలేదు. అది బతిమాలే గొంతు.

"ఏముంది ఇందులో?"

"ఏం లేదు. పాత లెక్కలు. ఇటివ్వు. ఇవ్వవే, నీకు దణ్ణం పెడతా!"

కోడలు కుట్లు విప్పే బ్లేడు అందుకుంది. పర్రుపర్రుమని దారాలు తెగాయి. పేజీ మీద ఉన్నది తన పేరే. రెండేళ్ల కిందటిది. వరసగా శుక్రవారాలు. ముప్పైతొమ్మిది, నలభైన్నర, నలభైరెండు, నలభైరెండున్నర. అవన్నీ మేస్త్రమ్మ రాత. చివరిది నలభైఒకటి. అది మాత్రం మాస్టరు రాత. ఆ అంకె చుట్టూ ఎర్రసున్నా. దాని పక్కన, పెన్ను కాగితంలోకి దిగబడేలా అత్తగారు రాసిన రెండు వాక్యాలు.

'వీడు లూజు కలిపే రాశాడు. నేను కలపలేదనుకున్నాను.'

మీకు కుట్టుపని తెలియకపోతే చెబుతాను. ఒంటికి టేపు పెడితే వచ్చేది ఒంటి కొలత. బట్ట బిగుసుకోకుండా దానికి అంగుళమో ఒకటిన్నరో కలుపుతారు, అదే లూజు. మేస్త్రమ్మ కలిపే రాస్తుంది. కొడుకు ఒంటి కొలతే రాసి, కత్తిరించేటప్పుడు కలుపుకుందామనుకుని ఒక్కోసారి మరిచిపోతాడు. ఎన్ని చొక్కాలు బిగుతయ్యాయో ఆ అలవాటు వల్ల! ఎన్ని తిట్లు తిన్నాడో!

కోడలికి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ వాక్యాలు రెండోసారి చదివేసరికే లెక్క తేలిపోయింది.

"కడుపు తగ్గింది" అంది. "ఆ వారం నా కడుపు తగ్గింది. మీరు చూశారు."

మేస్త్రమ్మ గోడకు ఆనుకుని కింద కూర్చుంది. కూర్చోవడమంటే నెమ్మదిగా కాదు, కూలబడింది.

"ఆ శుక్రవారం నాకు జ్వరం. వాడు కొలిచాడు. నలభైఒకటి చూసి, సన్నాసి ఎప్పట్లాగే లూజు కలపలేదు, కలిపితే నలభైరెండున్నరేగా అనుకున్నా. అంతకు ముందురోజే ఇళ్లకు తిరిగే నర్సు వచ్చి చెప్పింది, 'కడుపు తగ్గినట్టు కనపడితే ఉమ్మనీరు తగ్గిందేమో చూడాలి, వెంటనే తీసుకురండి' అని. నువ్వు భయపడతావని నీకు చెప్పలేదు. నేను చూసుకుంటాలే అనుకున్నా. నేను! పెద్ద మేస్త్రమ్మను!"

"మరి?"

"మరేముంది. నాలుగో రోజుకు అంతా అయిపోయింది. ఇంటికొచ్చాక వాణ్ణి అడిగా, ఆ రోజు లూజు కలిపావా అని. 'అన్నిసార్లు తిట్టావు కదమ్మా, ఆ రోజు గుర్తుపెట్టుకుని కలిపాను' అన్నాడు. ఎందుకడిగానో వాడికి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు."

"నా మీద వేశారు."

"వేశాను."

"నా కాళ్ల మీద వేశారు!"

"వేశానే, వేశాను! ఆ వరండాలో నాకే తెలీదు ఎవరి తప్పో. ఏదో ఒకటి అనకపోతే గుండె ఆగేలా ఉంది. ఇంటికొచ్చి తెలిశాక... తెలిశాక ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

ఇలాంటి చోట ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తారని మీరు అనుకుంటే అది వేరే ఇల్లు. కోడలు ఏడవలేదు. జాలి అసలే కలగలేదు. ఎదురుగా కూర్చున్న ఆ నెరిసిన తలను చూస్తే ఒళ్లు భగ్గున మండింది, అంతే.

"అందుకా ఆముదం?" అంది. "ఆ రోజు ఆగి చంపారు. ఇవాళ ఆగకుండా చంపుదామనా?"

"ఇంకో రోజు లోపల ఉండకూడదు. బయటికొచ్చేస్తే కళ్లతో చూసుకుంటా. లోపలుంటే నాకేం తెలుస్తుంది? సోమవారం, సోమవారం అంటోంది నీ డాక్టరు. సోమవారం దాకా నేను బతకలేను!"

"భయమైతే ఆస్పత్రికి పదమనొచ్చుగా! గ్లాసు పట్టుకుని మీద పడతారేం?"

"ఏమని చెప్పి తీసుకెళ్లను? ఎందుకు భయమని ఆవిడ అడిగితే ఈ పేజీ విప్పాలి కదే!"

కోడలు లేచింది. బల్ల పట్టుకుని, రొప్పుతూ, అత్తగారి ఎదుటికొచ్చి నిలబడింది.

"ఇవాళ శుక్రవారం. లేవండి. కొలవండి."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. లూజు లేకుండా. నా కళ్ల ముందు."

మేస్త్రమ్మ లేచింది. టేపు చుట్టూ తిప్పి, బొడ్డు మీద రెండు కొసలూ కలిపింది. కోడలు తల వంచి తనే చదివింది. ముప్పైతొమ్మిదిన్నర. మరోసారి తిప్పారు. ముప్పైతొమ్మిదిన్నరే.

పుస్తకంలో ఈ కాన్పు పేజీ తీశారు. పోయిన శుక్రవారం బట్టల బేరానికి వెళ్లి మేస్త్రమ్మ ఊళ్లో లేదు. కొలిచింది మాస్టరు. అతని రాతలో నలభైఒకటి.

ఇద్దరూ ఒకేసారి లెక్క వేసుకున్నారు. మాస్టరు లూజు కలిపి రాసి ఉంటే, అప్పుడూ ముప్పైతొమ్మిదిన్నరే, ఏ తేడా లేదు, హాయిగా ఊపిరి పీల్చుకోవచ్చు. కలపకపోయి ఉంటే ఒకటిన్నర తగ్గింది. రెండేళ్ల కింద ఏ మాట వింటే మేస్త్రమ్మ లోకం తల్లకిందులైందో, ఇవాళ కొడుకు నోట అదే మాట, 'కలిపాను' అని వినాలని ఆమె ప్రాణాలు ఉగ్గబట్టుకుంది.

బయట సైకిలు స్టాండు చప్పుడైంది. మాస్టరు తలుపు తోసుకుని లోపలికొచ్చాడు, ఖాళీ సంచీ భుజాన వేసుకుని. ఒలికిన పాలు చూశాడు, తెగిన దారాలు చూశాడు, ఇద్దరి మొహాలూ చూశాడు. అలవాటు ప్రకారం గుండీల డబ్బా కోసం చెయ్యి చాపాడు.

"ఒరేయ్, డబ్బా వదిలెయ్. నా వంక చూడు" అంది తల్లి. "పోయిన శుక్రవారం దీని కడుపు కొలిచావు. లూజు కలిపావా?"

"ఎందుకమ్మా?"

"కలిపావా లేదా!"

"కలపలేదమ్మా. రెండేళ్ల కిందట నువ్వే కదా ఒట్టు వేయించుకున్నావు, ఇకమీద పొట్ట కొలతకు లూజు కలపొద్దని. మరిచిపోయావా? మళ్లీ ఏం తప్పు చేశాను?"

 మేస్త్రమ్మ బల్ల మీద గ్లాసు తీసి, మోరీలో బోర్లించి వచ్చింది. "ఆటో తీసుకురా. పరిగెత్తు" అంది కొడుకుతో. అతనికి సగమే అర్థమైంది. సగంతోనే పరిగెత్తాడు.

"ఎన్ని?" అని అడిగింది కోడల్ని.

"ఏమిటి?"

"సూదులే! పొద్దున్నుంచి ఎన్ని గుచ్చావు?"

గోడ గడియారం పావుతక్కువ పన్నెండు చూపిస్తోంది. కోడలు మిషను వైపు తిరిగింది. ఇంత గొడవలో, ఇన్ని అరుపుల్లో, ఒక్కసారైనా చెయ్యి అటు పోయిందా? గుర్తు తెచ్చుకుంది. పోలేదు. తను మరిచిపోయి గుచ్చలేదా, గుచ్చాల్సిన పనే పడలేదా?

దిండు మీద మూడే ఉన్నాయి. తొమ్మిదింటికి మూడు. ఇప్పుడూ మూడే.

రెండు అరచేతులూ పొట్ట మీద అదిమిపెట్టింది. "తన్ను బంగారం" అంది. "ఒక్కసారి. ఒక్కసారంటే ఒక్కసారి తన్ను."

మేస్త్రమ్మ సూదుల డబ్బాలోంచి నాలుగో గుండుసూది తీసింది. దిండు మీదికి వంగి, గుచ్చడానికి సిద్ధంగా పట్టుకుని, కోడలి మొహంలోకి చూస్తూ నిలబడింది.